రెక్కకు ఒక్కటే

నేను చేసిన విమానం ముందు పెట్టిన అట్టముక్క మీద ఎర్ర సిరాతో 'అసంపూర్ణం' అని రాశారు. అది తప్పు. విమానం పూర్తిగానే ఉంది, రాసినాయనకే విషయం పూర్తిగా తెలియదు. ఈ మాట చెప్పడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఆ రోజుల్లో ఒక సంగతి తెలుసుకోవాలంటే ఆ సంగతి తెలిసిన మనిషిని ముందు వెతుక్కోవాలి. ఆ మనిషి ఊళ్లో ఉన్నాడో లేడో, ఉంటే మంచి మూడ్‌లో ఉన్నాడో లేడో చూసుకోవాలి. నేను ఏడో తరగతితో బడి మానేసి ఎల్లారెడ్డిలో మా ఉస్తాద్ దగ్గర ఖరాదు పనికి కుదిరాను. ఖరాదు అంటే మంచం కోళ్లు గుండ్రంగా తిప్పి నునుపు చేసే యంత్రం. బడి మానేశానే గాని చదవడం మానలేదు. బెల్లం చుట్టిన కాగితం, మిర్చీలు కట్టిన కాగితం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. అందుకే బజారులో నా పేరు 'పేపరోడు'. (ఇప్పటికీ నన్ను అలా పిలిచే ముసలివాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురికీ చత్వారమే.)

ఇరవై ఏళ్లప్పుడు, ఏదో వారపత్రికలోంచి చింపిన అలాంటి ఒక మిర్చీల కాగితంలోనే నాకు ఆ విమానం కనబడింది. కాన్‌బెర్రా అట, రెండు ఇంజన్ల జెట్ బాంబర్, మన వాయుసేనది. దాన్ని చూశాక మంచం కోళ్ల మీద మనసు నిలవలేదు. అదే సమయంలో కామారెడ్డిలో బడిపిల్లలకూ పనివాళ్లకూ కలిపి చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. మొదటి బహుమతి వచ్చిన వస్తువు హైదరాబాదుకు పోతుందట. బడి మానేసినవాడు కూడా సరిగ్గా చూసి సరిగ్గా చేయగలడని బడి నడిపేవాళ్ల చేతనే ఒప్పించాలని నాకు పంతం పట్టింది. టేకు చెక్కతో విమానం ఒళ్లంతా చేసేశాను. రెక్కల కిందికి వచ్చేసరికి ఆగిపోయాను. అక్కడ బాంబులు ఎన్ని వేలాడతాయి? ఎక్కడ? నా కాగితంలో సరిగ్గా ఆ చోటే మిర్చీ నూనె మరక పడింది. అదే వారపత్రిక కామారెడ్డి గ్రంథాలయంలో ఉంటుందని బస్సెక్కి వెళ్లాను. పత్రిక ఉంది, ఆ పేజీ లేదు. దాని వెనక సినిమా తార బొమ్మ ఉండడంతో ఎవరో ప్రేమగా చింపుకుపోయారు. మంగలి దుకాణంలో క్యాలెండరు మీద ఒక విమానం ఉండేది గాని, దాని కింద బాంబులు మల్లెమొగ్గల దండలా వేలాడుతుండేవి. గీసినవాడు ఎన్నడూ విమానం చూడలేదని నాకే అర్థమైంది.

చివరికి ఎవరో చెప్పారు, నాగిరెడ్డిపేటలో ఒకాయన విమానాల అడ్డాలో బాంబులు బిగించే పని చేస్తాడని, సెలవు మీద వచ్చాడని. ఊరంతా ఆయన్ని మిలట్రీ అన్న అనేవారు. వెళ్లేసరికి మోకాళ్ల దాకా బురదలో దిగి నాటుకు మడి చదును చేస్తున్నాడు. నేను గట్టు మీద నిలబడి సంగతి చెప్పాను.

"ఏందీ, రెక్క కింద ఏముంటయో చెప్పాల్నా? నన్ను జైల్ల ఏపిస్తవా?" అన్నాడు.

"బొమ్మకే అన్నా. కట్టె బొమ్మ."

"బొమ్మయితేంది? ముచ్చట అసలుదే గద." కాసేపు బురద తొక్కాడు. నేను కదలలేదు. చివరికి గట్టెక్కి కూర్చొని, బీడీ ముట్టించి, "సరే, నువ్వు అడుగు. తప్పయితే దగ్గుత. కరెక్టయితే గమ్మునుంట. నేనైతే నోరు తెరిచి ఏం చెప్పలే, యాదుంచుకో" అన్నాడు.

ఒక్కో రెక్కకు నాలుగా అన్నాను. దగ్గాడు. మూడా అన్నాను. దగ్గాడు. రెండా అంటే ఇంకా గట్టిగా దగ్గాడు. ఒకటేనా అన్నాను. ఊరుకున్నాడు. నాకు సంతోషం పొంగుకొచ్చేలోపే మళ్లీ దగ్గాడు.

"అన్నా, ఇది జవాబా, బీడీయా?"

"బీడీ" అన్నాడు.

ఆ లెక్కన పొద్దు తిరిగేదాకా కూర్చొని అన్నీ రాబట్టాను. బాంబు వేలాడే చోటు ఇంజనుకు బయటి వైపు. మిగతావన్నీ విమానం పొట్టలో. బాంబు తోక రెక్కలు ఎటు, ముక్కు ఎటు, పొడవెంత. పొడవు దగ్గర దగ్గులతో తేలక, ఆయనే విసుగొచ్చి బురదలో అడుగులు వేసి చూపించాడు. (చూపించడం చెప్పడం కిందికి రాదని తానే తీర్పు ఇచ్చుకున్నాడు.) లేచేటప్పుడు మాత్రం నా భుజం గట్టిగా పట్టుకొని, "నా పేరు ఎక్కడన్న తీసినవో, నా నౌకరీ పోతది. ఎవరు చెప్పిండ్రంటే ఎవరూ చెప్పలే అనాలె" అన్నాడు. మాట ఇచ్చాను.

ఎల్లారెడ్డి వచ్చి ఖరాదు మీద బాంబులు తిప్పడం మొదలుపెట్టాను. రెండోది దించి చేతులు తుడుచుకుంటుంటే ఉస్తాద్ చూశాడు. ఆయన దుకాణంలో ఒక కట్టడి ఉండేది. ఖరాదు మీద ఏది తిప్పినా నాలుగు తిప్పాలి, ఒకే మొద్దులోంచి, ఒకే రోజు. లేకపోతే మంచం కుంటుతుంది.

"ఇవి మంచం కోళ్లు కావు ఉస్తాద్, బాంబులు. రెండే కావాలె."

"ఏదైతేంది బేటా. నా ఖరాదు మీదికెల్లి రెండు దిగినయంటే రేపు నలుగురు నవ్వుతరు. ఇంకో రెండు తిప్పు."

తిప్పాను. రెండు బిగించి, మిగతా రెండూ పనిముట్ల డబ్బాలో పడేశాను.

ప్రదర్శన రోజు విమానాన్ని ఒళ్లో పెట్టుకొని ఉస్తాద్‌తో బస్సెక్కాను. పక్క సీటు అవ్వ చాలాసేపు చూసి, "ఎగురుతదా బిడ్డా?" అంది. ఎగరదన్నాను. "మరి గింత కష్టమెందుకు?" అంది. నేను విమానం ముక్కును కిటికీ వైపు తిప్పుకున్నాను.

తీర్పరి ఒక సైన్సు సారు. కొత్త కళ్లద్దాలు, కొత్త ఉద్యోగం, వెనక పదిమంది పిల్లలు. నా విమానం దగ్గర ఆగి అన్నిటికన్నా ఎక్కువసేపు చూశారు. వంగి రెక్క కిందికి చూశారు. నా గుండె అప్పటికే హైదరాబాదు చేరింది.

"ఇటొకటి, అటొకటి. మిగతావి ఏవి?" అన్నారు.

"అంతే సార్. రెక్కకు ఒక్కటే."

"ఇంత పెద్ద విమానానికా? ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే సార్."

పిల్లలు నవ్వారు. సారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు. నాలుక చివరి దాకా నాగిరెడ్డిపేట వచ్చింది, మింగేశాను. బురదలో నిలబడ్డ ఆ మనిషి ఉద్యోగం నా బహుమతి కన్నా పెద్దదని ఆ వయసులోనే నాకు తెలిసినందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. అంతటితో ఆగినా సారు ఏదో ఒకటి ఆలోచించేవారేమో. కాని నేను ఇరుకున పడ్డానని ఉస్తాద్‌కు అర్థమైంది. ముందుకొచ్చి, కుర్తా జేబులోంచి రుమాలు తీసి, మూట విప్పి, సారు ముందు చాపాడు. నేను డబ్బాలో పడేసిన రెండు బాంబులు.

"సాబ్, పోరడు పరేషాన్ల మర్సిపోయిండు. నాలుగు తిప్పినం. నేనే గవా, నేనే సాక్షి" అన్నాడు.

సారు ముఖం వెలిగిపోయింది. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. మొదటి బహుమతి రేకుతో చేసిన ఒక డ్యాము నమూనాకు పోయింది. అది అప్పటికే కారి, పక్కన పెట్టిన అల్లిక బుట్టలను తడుపుతోంది.

తిరుగు బస్సెక్కాం. ఎల్లారెడ్డి దగ్గరపడుతుంటే ఉస్తాద్ నెమ్మదిగా, "నాలుగు చేసి రెండు దాస్తె పని దొంగ అంటరనుకున్న బేటా. నీ ఇజ్జత్ కాపాడుదమనుకున్న" అన్నాడు. ఆ మాట విన్నాక ఆయన మీద కోపం ఎలా నిలుస్తుంది? ఆ కోపం కూడా కలిపి సారు ఖాతాలోనే వేశాను.

అప్పటినుంచి సారుకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. బదిలీ అయిన ప్రతి బడి పేరూ కనుక్కొని రాశాను. డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లిషు విమానాల పుస్తకాలు చదివి, కొలతలతో సహా రాశాను. మొదట్లో ఉత్తరాలు దబాయింపుగా ఉండేవి, తర్వాత తర్వాత పాఠాల్లా తయారయ్యాయి. జవాబు రాలేదు. సొంత దుకాణం పెట్టాను, ఇనుప మంచాలొచ్చి ఖరాదు మూలపడింది, ఉస్తాద్ పోయాడు, మిలట్రీ అన్న కూడా పోయాడు. (ఆయన అసలు పేరు ఇక్కడ కూడా రాయడం లేదు, గమనించండి.)

నిరుడు ఒక యాత్ర బస్సులో పోతుంటే దారిలో ఒక మైదానంలో చూపుకు పెట్టిన పాత విమానం కనబడింది. అదే. డ్రైవరును బతిమాలి బస్సు ఆపించి, కంచె దాటి రెక్క కిందికి దూరాను. కాపలావాడు విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "పెద్దాయనా, బయటికి రా" అన్నాడు. "ఆగు నాయనా, లెక్కపెడుతున్న" అన్నాను. ఇటు ఒకటి. మెడ పట్టేసినా అటు కూడా వెళ్లి చూశాను. ఒకటి. ఇంజనుకు బయటి వైపే. కథంతా విని ఆ కాపలావాడే నా ఫోన్‌తో ఫోటో తీసిపెట్టాడు, నేను రెక్క కింద ఒక్క వేలు పైకెత్తి నిలబడ్డట్టు.

ఫోటో కడిగించి, సారు కామారెడ్డిలోనే స్థిరపడ్డారని తెలుసుకొని, రిజిస్టరు పోస్టులో పంపాను. తర్వాత డెబ్బై దాటిన మనిషిని రోజూ గుమ్మంలో కుర్చీ వేసుకొని, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లవాడిలా పోస్ట్‌మన్ కోసం ఎదురుచూశాను. నన్ను చూసి నాకే నవ్వొచ్చేది, అయినా కుర్చీ తీయలేదు. పోయిన వారం కవరు వచ్చింది. అక్షరాలు వణుకుతున్నాయి గాని సిరా మాత్రం నీలం.

"ఫోటో భూతద్దం పెట్టి చూశాను. రెక్కకు ఒక్కటే. నీదే సరి. ఆ రోజు నాకు విమానాల గురించి ఏమీ తెలియదు, తెలియదని పిల్లల ముందు అనలేకపోయాను. నీ ఉత్తరాలన్నీ అందాయి. మొదటి రెండూ చదివి కోపమొచ్చింది, తర్వాతివి చదివి నేర్చుకున్నాను. జవాబు రాస్తే ఇక నువ్వు రాయడం ఆపేస్తావని కూడా కొంత భయం ఉండేది. ఇప్పుడు ఒక్క సంగతి అడుగుతున్నాను, విసుక్కోకుండా రాయి. పొట్టలో ఎన్ని పడతాయి?"