క్లెమ్ గ్రీజు పెట్టిన తూము

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి శనివారం మధ్యాహ్నం మా వంటింటి కిటికీ తెరిచి ఉంచేదాన్ని. నేను లోపల బంగాళాదుంపల తొక్క తీస్తుంటే, బయట కాలువ గట్టు మీద మా ఆయన క్లెమ్ పాఠం చెబుతుండేవారు. వారం రోజులు పడవ అద్దెకు తీసుకుని తామే నడుపుకుంటూ తిరగడానికి వచ్చేవాళ్లకి ఆ పాఠం. అందులో సగంమంది జన్మలో చుక్కాని పట్టినవాళ్లు కారు. అరగంటలో నేర్పి పంపాలి. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పాఠం విన్నాను.

ఇప్పుడు ఆ కిటికీ మూసే ఉంటోంది. తెరిస్తే లాకు తలుపుల సందుల్లోంచి నీళ్లు కారే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

"ఈ కర్ర ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది సార్. మా అత్తగారి లాగా. ఏం చెప్పినా దానికి ఎదురే" అనేవారు.

"నాకు వినబడుతోంది క్లెమ్!" అని మా అమ్మ మేడ మీద నుంచి అరిచేది. అమ్మ పోయాక కూడా ఆయన ఆ మాట అని, ఒక్క క్షణం ఆగి, తర్వాతే ముందుకు వెళ్లేవారు.

లాకు సంగతికి వచ్చేసరికి ఆయన గొంతు మారేది. "లాకులో నీళ్లు వదిలి కిందికి దిగేటప్పుడు ఒక్కటే గుర్తుపెట్టుకోండి. వెనక తలుపు కింద నీళ్లలో రాతి గడప ఉంది. నీళ్లు తగ్గేకొద్దీ అది పైకి తేలుతుంది. గోడ మీద తెల్లగీత చూశారుగా, దాన్ని దాటి వెనక్కి రాకండి. పడవ వెనక భాగం గడప మీద కూర్చుంటే ముందు భాగం మునుగుతుంది. కూర్చుందా, ముందు కింది తూము దించి నీళ్లు ఆపండి. కేకలూ ఏడుపులూ ఆ తర్వాత."

క్లెమ్ పుట్టింది ఇక్కడికి నాలుగు మైళ్లలో. వాళ్ల నాన్నలాగే పింగాణీ కంపెనీలో పళ్లేలకు మెరుగు పూసే పనికి వెళ్లేవారు. కంపెనీ మూతపడ్డ నెలలోనే, తుప్పుపట్టిన ఇనుప పడవ ఒకటి కొని లాగించుకుని వచ్చారు. మతిపోయిందేమో అనుకున్నాను. రెండు చలికాలాలు దాంట్లోనే కూర్చుని చెక్కపని అంతా తన చేత్తో చేశారు. అరలు, మంచాలు, మడత బల్ల. డాబ్‌చిక్ అని, ఈ కాలువలో మునిగి తేలే చిన్న పిట్ట పేరు పెట్టారు. అదొక్కటే మా పడవ. రెండోది కొనమని ఎందరో చెప్పారు. "ఒక్కదాని గురించే నిద్ర పట్టడంలేదు, రెండోది కూడానా" అనేవారు.

అద్దెకొచ్చిన వాళ్ల మీద ఆయన ఎన్నడూ కేకవేయలేదు. వంతెన దగ్గర పబ్ నడిపే రెజ్‌కి అది వింత.

"నీ పడవలో కొత్త పెళ్లికొడుకు నా గోడని మళ్లీ గుద్దాడు క్లెమ్. ఒక్క కేకేస్తే నోరు అరిగిపోతుందా?"

"కేకేస్తే కంగారులో కర్ర రెండోవైపు తోస్తాడు రెజ్. అప్పుడు గోడ కాదు, నిన్ను గుద్దుతాడు."

తూముకి తగిలించి తిప్పే ఇనుప చేతిమరను మాత్రం నేనెప్పుడూ ముట్టుకోలేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగాను. "నీ చేతులు రొట్టెపిండికి, బాతుపిల్లా. ఈ జిడ్డు నీకెందుకు" అన్నారు. మా వైపు ఆడా మగా అందరినీ బాతుపిల్లా అనే పిలుస్తారు, కానీ ఆయన అంటే వేరుగా ఉండేది. మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకూ హాయిగా ఉండింది. వంటింట్లో నుంచి వింటూనే అంతా తెలిసిపోయేది. తూము ఎత్తి నీళ్లు వదిలేటప్పుడు పళ్లచక్రం మీద కొక్కెం టకటకలాడుతుంది. దించి మూసేటప్పుడు చప్పుడుండదు.

నిరుడు జూలైలో తడి మెట్టు మీద జారి ఆయన కాలు విరిగింది. పిండికట్టు వేసి కూర్చోమన్నారు. ఆ శనివారం తోటలో కుర్చీ వేయించుకుని, కాలు పీట మీద పెట్టుకుని పాఠం చెప్పారు. వచ్చినవాళ్లు పెల్లో అనే ఆయన, ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు. మంచివాళ్లే. శ్రద్ధగా విన్నారు కూడా.

మా ఇంటి ముందున్న లాకులోకే మొదట దిగాలి. పెల్లో వెనక చుక్కాని దగ్గర నిలబడ్డాడు. ఆవిడ కిందితలుపు దగ్గర తూము సగానికి ఎత్తింది. పిల్లలు పడవ ముందు కూర్చుని ఊగుతున్నారు. గట్టు మీద కొంగ ఒకటి వాలింది. పెల్లో దాన్ని ఫోనులో ఫోటో తీస్తున్నాడు. పడవ మెల్లగా తెల్లగీత దాటి వెనక్కి జరిగింది.

ఇదంతా తర్వాత వాళ్లు చెప్పిందే, నేను కిటికీలోంచి చూడలేదు. క్లెమ్ కుర్చీ కీచుమనడం విన్నాను. ఆయన లేవబోయి మళ్లీ కూలబడ్డ చప్పుడది. ఆ తర్వాత, ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఆయన కేక వేయడం విన్నాను.

"తూము! తూము దించండి!"

ఆవిడ బెదిరిపోయి చేతిమరను నీళ్లలోకి జారవిడిచి పిల్లల వైపు పరిగెత్తింది. ఇంకో చేతిమర మా తలుపు పక్కన మేకుకు ఉంటుంది.

"మేవిస్! నువ్వు వెళ్లు!"

తడి చేతులతోనే పట్టుకుని పరిగెత్తాను. పడవ వెనక భాగం రాతి మీద ఎత్తుగా నిలబడింది. ముందు భాగం దిగిపోతోంది. చేతిమర తగిలించి బలంకొద్దీ తిప్పాను. టకటకమంది. ఆ చప్పుడేమిటో నా చెవికి తెలుసు. చేతులు వినలేదు. ఇంకా తిప్పాను. తూము మొత్తం తెరుచుకుంది.

పెల్లో పడవ పైకప్పు మీద పాకి పిల్లలిద్దరినీ గట్టు మీదికి విసిరినట్టు అందించి తానూ ఎక్కాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే దేవుడి దయ. డాబ్‌చిక్ ముందు తలుపుల్లోంచి నీళ్లు తాగి, నాలుగు నిమిషాల్లో అడుక్కి కూర్చుంది. మడత బల్ల పైకి తేలింది.

నేను తిరిగి చూశాను. క్లెమ్ కర్రల మీద కుంటుకుంటూ సగం దాకా వచ్చి నిలబడి ఉన్నారు.

"తిరగలేదా మేవిస్? బిగుసుకుపోయిందా?"

నేను అవునన్నట్టు తల ఊపాను.

అంతే. ఒక్కసారి ఊపిన తల. అప్పుడే చెప్పాల్సింది. గంట తర్వాతైనా చెప్పొచ్చు. రెజ్ వచ్చాడు, కాలువ ఆఫీసు వాళ్లు వచ్చారు, ఎవరడిగినా క్లెమ్ ఒక్కటే చెప్పారు. "తప్పు నాది. ఆ తూముకి వసంతంలో గ్రీజు పెట్టాల్సింది, బద్ధకించాను. పాపం, ఈవిడ ఎంత బలంగా తిప్పిందో చూశాను."

"గ్రీజు కాలువ వాళ్లు పెట్టాలి, నువ్వెందుకు పెట్టాలి?" అన్నాడు రెజ్.

"మా ఇంటి ముందుది కదా."

క్రేను తెచ్చి పడవను లేపారు. చెక్క అంతా ఉబ్బిపోయింది. అరల తలుపులు వాటంతటవే విడిపోయాయి. క్లెమ్ ఒక్కసారి లోపలికి తల పెట్టి చూసి, ఇంటికొచ్చి టీ అడిగారు. బాగుచేద్దామని రెజ్ ఎంత చెప్పినా విననట్టే ఉండిపోయారు.

పిండికట్టు తీసిన మర్నాటి నుంచి గ్రీజు డబ్బా, గుడ్డ తీసుకుని లాకు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. పళ్లచక్రానికి, కొక్కేనికి, ఇరుసుకి పూసేవారు. రోజూ. వానలో కూడా. దారినపోయే పడవల వాళ్లు, "బాగా తిరుగుతోంది సార్" అంటే, "ఇప్పుడు తిరుగుతోంది" అనేవారు.

ఎన్నిసార్లు గట్టు దాకా వెళ్లానో. ఒకసారి పక్కనే నిలబడి, "క్లెమ్, ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు సంగతి ఎత్తకు బాతుపిల్లా. నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలుసు. చెడిపోయిన మరతో నువ్వేం చేయగలవు?"

నన్నింత మంచిదాన్నిగా చూస్తున్న మనిషికి ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఆయన ఆ చలిలో, చేయని తప్పుకు గ్రీజు పూస్తూనే ఉంటారు. రెండూ తెలుసు. తెలిసీ లోపలికొచ్చి పులుసు కలుపుకునేదాన్ని.

డిసెంబరులో ఆయనకి దగ్గు పట్టుకుంది. జనవరి ఆఖరుకి ఆసుపత్రి. మంచం పక్కన ఆయన చెయ్యి పట్టుకుని, "ఆ తూము బిగుసుకోలేదు" అన్నాను. చెప్పేశాను అనుకున్నాను.

ఆయన కళ్లు తెరవకుండానే నవ్వారు. "బిగుసుకోదులే. నవంబరు దాకా గ్రీజు పెట్టానుగా."

'ఆ రోజు' అని ఇంకొక్క మాట జోడిస్తే సరిపోయేది. నర్సు వచ్చింది. నేను లేచి పక్కకి జరిగాను. ఫిబ్రవరి నాలుగున పోయారు.

పోయిన వారం కాలువ వాళ్లలో ఒకావిడ వచ్చింది. చిన్న వయసే, మర్యాదగా మాట్లాడింది. చేతిలో కొత్త గ్రీజు డబ్బా.

"క్లెమ్ గారు ఈ తూముని కన్నబిడ్డలా చూసుకున్నారట కదండీ. నెలకోసారి మీరు పెడతారా? ఆయన పెట్టినట్టే ఉంటుంది."

కాదనలేకపోయాను. డబ్బా తీసుకున్నాను. ఆమె వెళ్లాక గుడ్డ కూడా పట్టుకుని లాకు దాకా నడిచాను. చేతిమర తగిలించి తూము కాస్త ఎత్తి, ఈసారి కొక్కెం పైకి పట్టుకుని మెల్లగా కిందికి తిప్పాను. చప్పుడు లేకుండా దిగింది. ఆ రోజూ కిందికి తిప్పి ఉంటే ఇలాగే దిగేది.

డబ్బా మూత తీయలేదు. గుడ్డ మడిచి దాని మీద పెట్టి, రెండూ ఇంట్లోకి తెచ్చేశాను. ఆ తూముకి నేను గ్రీజు పెట్టను.