నలభై ఒకటో సీసా

మొన్న మెట్రోలో తార్నాక దాటుతుండగా నా ఫోను ఒక ప్రశ్న వేసింది: ఈ రెండు నంబర్లూ ఒకే మనిషివిలా ఉన్నాయి, కలిపేయమంటారా అని. ఒకే మనిషివి, మా పాత ల్యాబ్ అటెండరు కాకావి. అయినా వేలు వెనక్కి తీసుకున్నాను. ఇదీ అదీ ఒకటేనని యంత్రానికి మాటివ్వడంలో నాకు కొంచెం అనుభవం ఉంది.

అప్పట్లో నేను యూనివర్సిటీలో ప్రాజెక్టు అసిస్టెంటుని. వృక్షశాస్త్రం వాళ్ల మొక్కల జాబితా ఒక కంప్యూటర్లో, రసాయనశాస్త్రం వాళ్ల పరీక్షల జాబితా మరో కంప్యూటర్లో ఉండేవి. సెమాంటిక్ వెబ్ అనే కొత్త విద్యతో వాటిని ముడివేయడం నా పని. ఏది దేనికి ఏమవుతుందో మనం కొంత రాసిపెడితే, పెళ్లిలో పెద్దమ్మల్లాగా, మిగతా చుట్టరికాలన్నీ యంత్రమే తేల్చుకుంటుంది. పరీక్షల కోసం దాచిన మొక్కల పొడుల సీసా నంబరుకూ మొక్కకూ మధ్య ‘ఇందులో ఉన్నది ఇది’ అని రాయాల్సిన చోట, పని తేలికవుతుందని ‘ఇదే అది’ అని రాశాను. సీసా ఖాళీ అయితే కడిగి, పెయింటుతో రాసిన పాత నంబరు అలాగే ఉంచి, వేరే పొడి పోయడం మా ల్యాబ్ ఆచారమని ఎవరూ ఎక్కడా రాయలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఒక ఉదయం, తార్నాకలో పరిశోధన చేస్తున్న మేడంకి తిప్పతీగ పొడి కావాలంటే, తెర మీద తిప్పతీగ పేజీ పైభాగం చూసి, నలభై ఒకటో సీసా అని చీటీ రాసి కాకాని పంపాను. కిందిభాగం చదివే తీరిక టీ తాగాక దొరికింది. గుండె ఆగిపోవచ్చని అక్కడ హెచ్చరిక. ఆ సీసాలో పూర్వం తిప్పతీగ, ఇప్పుడు గన్నేరు. తిప్పతీగే సీసా, సీసాయే గన్నేరు, కాబట్టి తిప్పతీగే గన్నేరు. యంత్రం తర్కంలో ఒక్క తప్పు లేదు.

పదకొండింటికి మేడం దగ్గర ఆ పొడితో కషాయం. ఇతరులకిచ్చే ముందు మొదటి గ్లాసు తాను తాగడం మేడం నియమం, పని వేళ ఫోను సొరుగులో పెట్టి తాళం వేయడం మరో నియమం. కాకాకి ఫోన్ చేస్తే నా పక్కనే చార్జింగులో మోగింది.

గేటు దగ్గర ఆటో ఎక్కాను. “గింత తొందరేంది సార్, పరీక్షనా?” అన్నాడు డ్రైవరు. అవునన్నాను. చౌరస్తాలో బండ్లు కదలకపోతే దిగి పరుగెత్తాను.

నేను చేరేసరికి మేడం ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి మూతి తుడుచుకుంటున్నారు. రొప్పుతూనే చీటీ, సీసా అని చేతులతో చూపించాను.

“చీటీ చూసిన సారూ,” అన్నాడు కాకా. “గా సీసల గన్నేరు పోసింది నేనే గద. తిప్పతీగ పాత డబ్బల ఉన్నది. గదే తెచ్చిన.”

“మరి నాకు చెప్పలేదేం కాకా?”

“మీరు కంప్యూటర్ల చూసి రాసిన్రు. నేనెట్ల కాదంట?”

మేడం గ్లాసు వైపు ఒకసారీ, నా వైపు చాలాసేపూ చూశారు. “రేపట్నుంచి మొదటి గ్లాసు నీది,” అన్నారు.

ఆ వారమంతా కూర్చుని ‘ఇదే అది’లన్నీ చెరిపేశాను. ఎప్పుడు పోశారు, ఎవరు పోశారు అని రెండు గడులు చేర్చాను. రెండో గడిలో పైనుంచి కిందిదాకా కాకా పేరే. ఇప్పుడు అక్కడ ప్రతి సీసాకీ బార్‌కోడ్ ఉందట, ఏది అడిగితే సరిగ్గా అదే వస్తుందట. తప్పు అడిగితే తప్పే వస్తుంది.

కాకా పోయాక ఆ నంబర్లు రెండూ మోగవు. వాటిలో ఒకటి ఆ రోజు నా పక్కన మోగినది. కలిపేయమంటారా అని ఫోను నిన్న మళ్లీ అడిగింది. కాకాని అడిగి చెబుతాలే అనుకుని, ‘తర్వాత’ నొక్కాను.