ఆఖరి నాలుగు పేజీలు

ఇయ్యాల మా అత్తమ్మ అన్నం ముట్టలె. కారణం నేనే.

ఆమెకు చూపు పోయింది, నాకు నత్తి. అది తెలిసే, జహీరాబాద్ లైబ్రరీ నుంచి ఒక పెద్ద పాత నవల తెప్పిచ్చి, రోజూ పొద్దుగూకంగ రేడియో బందు పెట్టి నాతోని గట్టిగ చదివిచ్చుకునేది. కతకంటె నా నత్తే ఆమెకు తమాషా. ఇరుగుపొరుగు ఆడోళ్లను గూడ పిలిచి కూసోబెట్టేది. నేను ఒక్క మాటకాడ ఆగితె అందరు నవ్వెటోళ్లు.

ఆ నవలల ఒక ఆడమనిషి ఉన్నది. ఊరంత మీద పడ్డా తల దించదు. ఆమె మాటలు చదవంగ చదవంగ నా నాలుక సాఫైంది. నవ్వెటోళ్లు రావుడు బంజేసిన్రు. అత్తమ్మ మాత్రం కతల పడ్డది.

ఇయ్యాల ఇంక నాలుగు పేజీలు ఉన్నయనంగ పుస్తకం మూసిన.

"ఏమాయెనే? ఆమె బతుకుతదా, సస్తదా?" అని అడిగింది అత్తమ్మ.

"పుస్తకం వాపస్ ఇస్తున్న అత్తమ్మా. చూపొచ్చినంక మీరే చదువుకోన్రి" అన్న. ఒక్క అక్షరం తడబడలె.

ఇగ చూపు రాదని దవాఖానల ఎప్పుడో చెప్పిన్రు.

ఆ నవల చదివినోళ్లు మీలో ఎవరన్న ఉంటె మా ఇంటికి రాన్రి, చాయ్ తాగి పోన్రి. ఆఖరుకు ఏమైందో మాత్రం ఆమెకు చెప్పకున్రి.