రాహుకాలం దాటాక క్వారీకి

బండలకు కోట్ల సంవత్సరాల వయసని పాఠం చెప్పే మా శాఖాధిపతి, పిల్లల్ని ఆ బండల దగ్గరికి పంపడానికి మాత్రం పంచాంగం తిరగేసేవారు. అరవైల్లో నేను ఆయన కింద భూగర్భశాస్త్రం చెప్పేవాణ్ణి. విద్యార్థులు ఒంటరిగా వెళ్ళి రాళ్ళ నమూనాలు తెచ్చుకోవాలి. నీళ్ళ సీసా ఉందా, ఎటు వెళ్తున్నారో ఎవరికైనా తెలుసా అని అడిగే నాథుడు లేడు. వాళ్ళ క్షేమానికి శాఖ తీసుకునే ఒకే ఒక్క జాగ్రత్త రాహుకాలం చూడటమే.

ఆ ఏడాది శాఖలో ఒక్కతే అమ్మాయి, ఉప్పల్ రైతుల బిడ్డ. ఆమెకు నాచారం క్వారీ పడింది. అక్కడ మధ్యాహ్నం కూలీలు అన్నాలకు లేవగానే మందు పేలుస్తారు. నేను ముందే వెళ్ళి మేస్త్రీతో మాట్లాడుకున్నాను: శనివారం పొద్దున్నే వస్తుంది, పేల్చకముందే వెళ్ళిపోతుంది.

శనివారం నా క్లాసులు ముగిసేసరికి శాఖాధిపతి తృప్తిగా కూర్చుని ఉన్నారు.

"అమ్మాయి వచ్చేసిందా సార్?"

"ఇందాకేగా వెళ్ళింది. పొద్దున సుత్తి కోసం వస్తే, రాహుకాలంలో ఎలా పంపుతానండీ? దాటేదాకా కూర్చోబెట్టి పంపాను."

సైకిలెక్కి తొక్కాను. క్వారీ చేరేసరికి ఎర్రజెండా లేచింది, మేస్త్రీ ఈల ఊదుతున్నాడు.

"ఆపు! లోపల మా పిల్ల ఉంది!"

"ఏడుంది సారూ? పొద్దుగాల వస్తదంటివి, రాకపాయె. ఇగ రాదనుకున్న."

"ఆలస్యంగా బయలుదేరిందయ్యా!"

"నువ్వొకటి జెప్పవడ్తివి, వాళ్ళొక యాల్లకొస్తరు. గిట్లయితే ఎట్ల సారూ?"

తిడుతూనే అగ్గిపెట్టె పట్టుకున్న మనిషిని వెనక్కి లాగి, వెనక అంచు వైపు పరుగెత్తాడు. అమ్మాయి అక్కడే బండను కొడుతోంది. సుత్తి చప్పుడులో ఆమెకు ఈల వినబడలేదు. మందు కూరిన రంధ్రాలు ఆమె పక్కనే ఉన్నాయి.

సోమవారం శాఖాధిపతి అన్నారు: "చూశారా, మంచి వేళకు పంపాను కాబట్టి బతికింది! అయినా ఆడపిల్లకు ఈ తిరుగుడు వద్దులెండి, గ్రంథాలయంలో ఏదైనా రాసుకోమందాం."

పేలి ఉంటే విధి, పేలలేదు కనుక ముహూర్తం! మూఢనమ్మకాల గురించి వేదికల మీద ఎందరితోనో వాదించాను గానీ, ఎటు తిరిగినా ఓడిపోని ఇలాంటి తర్కాన్ని శాస్త్రం చదివినవాళ్ళ దగ్గరే చూశాను. ఆ పిల్ల నమూనాలు తేకపోతే ఆమె చదువు అక్కడితో ఆగినట్టే. శుక్రవారం సాయంత్రం నా సొంత సుత్తి ఆమె చేతిలో పెట్టి, ఇంటి నుంచే నేరుగా వెళ్ళమన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి శాఖాధిపతి బల్ల మీద రాళ్ళు పేర్చి నిలబడింది.

"ఎప్పుడు వెళ్ళావమ్మా?"

"పొద్దు పొడువంగనే సార్. మేస్త్రీ అన్నకు వచ్చిన అని చెప్పిన, పోతున్న అని చెప్పి వచ్చిన."

"మరి రాహుకాలం?"

"అప్పుడు బండ కొడుతున్న సార్. మస్తు నీడ ఉండె."

ఆయన పంచాంగం తెరిచి, వేలితో గీత వెంట చూసి, ముఖం విప్పారగా అన్నారు: "బయలుదేరింది ముందే కదా! దోషం లేదు."

ఆమె నమూనాల కాగితం మీద సంతకం పెట్టారు. నేను తల పట్టుకున్నాను. అమ్మాయి మాత్రం ఆయన మనసు మారకముందే ఆ కాగితం లాక్కుని గది దాటింది.