పుంగనూరులో తీయించిన వైరు

మదనపల్లెలో నేను టీచరుని. మోకాళ్లు మొండికేశాక బుల్లి కరెంటు స్కూటరు కొన్నాను. దానికి లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. బదులుగా గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఆ రూలంటేనే నాకు ఒళ్లుమంట. పాల సైకిళ్లు కూడా నన్ను దాటిపోయేవి.

"పుంగనూరులో ఒకాయన ఉండాడక్కా. ఒక్క వైరు తీసేస్తే నలబైలో పోతాది. యాల ఈ అవస్థ?" అంది కుప్పంలో ఉన్న చెల్లెలు, ఫోనులో. తన బండికి అప్పటికే తీయించిందట.

ఆదివారం బండిని మినీ ఆటోలో వేసుకుని పుంగనూరు పోయాను. ఆ మెకానిక్ సీటు కింద తెల్లవైరు ఒకటి కత్తిరించాడు. తర్వాత భక్తిగా హ్యాండిలుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టాడు. రూలు తెంచిన చేత్తోనే దిష్టి తీశాడు! నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం కొత్త నిమ్మకాయ నేనే కట్టేదాన్ని.

మా సందు మలుపులో ఒక అవ్వ ఉంటుంది. చూపు దాదాపు పోయింది. పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లుతుంది. ఒక చలికాలం పొద్దున, మంచులో, బడికి ఆలస్యమై ఆమె పక్కనుంచి దూసుకుపోయాను. హారన్ కొట్టలేదు. ఆమె కొంగు నా అద్దానికి తగిలింది. అవ్వ అరవలేదు, నవ్వింది. తిరిగి చూస్తే మంచులోకి చేయి చాచి నిలబడి ఉంది.

ఆ నవ్వు బడిలో కూడా నన్ను వదల్లేదు. సాయంత్రం పోయి ఎందుకు నవ్విందని అడిగాను.

"మా ఆయన వచ్చినాడమ్మా," అంది గుట్టుగా. ఆయన చనిపోయి చాలా ఏళ్లైంది. "సైకిలు మీద నిమ్మకాయలు అమ్మేవాడు గదా. సరసానికి గంట కొట్టకుండా వచ్చి, నా భుజం రాసుకుంటా పోయేవాడు. ఇప్పుడూ అంతే. సప్పుడుండదు. గాలి తగులుతాది, నిమ్మకాయ వాసనొస్తాది. దినామూ వస్తాండాడు."

అది నేనేనని చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.

మర్నాడు అవ్వ నడిదారిలో నిలబడి ఉంది. బ్రేకు వేస్తే మూరెడు దూరంలో బండి ఆగింది.

"అవ్వా, ఈడ యాల నిలబడినావు?"

"ఈ తూరి ఆయన్ను పట్టుకుందామని."

ఆదివారం దాకా బండి ముట్టుకోలేదు. పుంగనూరు పోయి వైరు మళ్లీ వేయించాను. నిమ్మకాయ తెంపి పారేసి, సైకిలు గంట ఒకటి బిగించాను. సోమవారం పొద్దున గంట కొట్టుకుంటూ పోయి అవ్వ ముందు ఆగి, అన్ని రోజులూ బండి తీయలేదని కూడా చెప్పి, తప్పు ఒప్పుకున్నాను.

"ఇన్నాళ్లూ వచ్చింది ఆయన కాదవ్వా, నేను."

అవ్వ కోప్పడలేదు. "నీ గంట ఈ పొద్దే కదమ్మా వింటాండాను. వారమంతా నువ్వు రాలేదు. ఆయన వస్తానే ఉండాడు."

పిచ్చిది అనుకున్నాను. అయినా బండి దిగి ఆమె పక్కన నిలబడ్డాను. మంచులో ఏమీ కనబడలేదు. ఏమీ వినబడలేదు. ఉన్నట్టుండి నా భుజాన్ని చల్లగా ఏదో రాసుకుంటూ పోయింది. నిమ్మకాయ వాసన. మలుపులో చిన్న ఎర్రదీపం, నంబరు లేని బండి వెనక భాగం, అంతే.

ఊళ్లో వైరు తీయించింది నేనొక్కదాన్నేనా?

"సూసినావా?" అంది అవ్వ, ముఖం వెలిగిపోతూ. ఆమె చేయి రెండు చేతులా పట్టుకుని పక్కకు లాగాను. అవ్వ నాకంటే బలంగా దారి మధ్యకు లాగుతోంది.

"వదులమ్మా, మళ్లీ వస్తాడు."