జతగాడి పిడికిలి

ఎనభైల్లో ఒక మండువేసవి. మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్నాయన కుడిచేతి కణుపులు వంకరపోయి ఉన్నాయి. నేను చూడటం గమనించి ఆయనే చెప్పాడు.

"చిన్నప్పుడు జతలుగా గోలీలాడేవాళ్లం. ఎవడన్నా పరాయోళ్ల గోలీతో ఆడితే శిక్ష వాడి జతగాడికి. పిడికిలి నేల మీద పెట్టాల. అవతలోళ్లు గోలీతో కణుపుల మీద కొడతారు. నా జత మా తమ్ముడు."

"చానాసార్లు పొరబడ్డాడా?"

"ఒక్కసారే. నేను ఏడవటం చూశాక కావాలనే పరాయి గోలీ తీసేవాడు."

నాకు ఒళ్లు మండింది. "మరి జత మార్చుకోలేదేంది?"

"తమ్ముడు గదయ్యా."

రెంటచింతలలో ముందు సీట్లోంచి ఒకతను లేచి, "అన్నా, పెట్టె తీసుకురా" అంటూ ఉత్త చేతులతో దిగిపోయాడు. నా పక్కాయన ఆ వంకర వేళ్లతోనే ఇనప్పెట్టె ఎత్తబోయాడు. అది జారింది.

"చేతులేమన్నా పడిపోయినయ్యా?" కింద నుంచి తమ్ముడు అరిచాడు.

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.