నీళ్ళ బ్రాహ్మి, గట్టు బ్రాహ్మి

నా చిన్నప్పుడు ఒక సంత రోజున "నాకు అర్థం కాలేదు" అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట అనకపోవడం వల్ల పక్కింటి అక్కకు ఏం జరిగిందో నేను ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ దాన్ని అక్క మతిమరుపు కథగానే చెప్పుకుంటారు. అది నిజం కాదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది తెలుగు నేల సరిహద్దు అవతల, తర్లగూడ వైపు అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లి, బళ్ళో హిందీ. అక్క దోర్ల గిరిజనుల పిల్ల. మాతో తెలుగు చక్కగా మాట్లాడేది కానీ హిందీ బొత్తిగా రాదు. అన్నలు వేరే ఊళ్ళకు పోయాక తల్లితో ఒక్కతే ఉండేది. ఆ తల్లికి మతి తప్పుతూ వచ్చింది. అన్నం పెడుతున్న కూతురినే "నువ్వెవల బిడ్డవు?" అని అడిగేది. "నీ బిడ్డనే. తిను" అని ముద్ద అందించేది అక్క.

పొద్దున్నే పొలం గట్టు మీద పాకే సరస్వతి ఆకు తెంపుకొచ్చి, ఉసిరికాయతో నూరి, తల్లికి పచ్చడి పెట్టేది. దాంతో జబ్బు నయమవుతుందా అని మా అమ్మ ఒకసారి అడిగింది. "తెల్వదు చిన్నమ్మా. తింటుంది గద, పెడుతున్న" అంది.

తెల్వదు అనే మాట అక్క నోట చాలా తేలిగ్గా వచ్చేది. సెలవు రోజుల్లో నేనూ ఆమె వెంట అడవికి వెళ్ళేవాణ్ణి. ఇది నేలవేము, ఇది తిప్పతీగ అని చూపిస్తూ నడిచేది. కొన్ని మొక్కల దగ్గర మాత్రం ఆగి, "దీని సంగతి నాకు తెల్వదు తమ్మీ" అని చెయ్యి కూడా వెయ్యకుండా దాటిపోయేది. మా బళ్ళో అయితే ఆ మాటకు బెత్తం దెబ్బ పడేది. అందుకని తెలిసినట్టు తలూపడం నాకు బాగా అలవాటైంది.

సంతలో అక్క తరఫున హిందీ మాట్లాడేది నేనే. ఆమె గంపలో కరక్కాయో ఉసిరికాయో ఉండేది. అమ్ముడుపోయినా పోకపోయినా చీకటి పడేదాకా కూర్చునేది. అమ్మేదానికన్నా మాటలకోసమే వచ్చేదనుకుంటాను. ఇంటి దగ్గర ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

వానాకాలం చివర్లో ఒక రోజు జీపులో వచ్చిన సేటు, తనకు బ్రాహ్మీ కావాలన్నాడు. వెంటనే, "జల్‌నీమ్, సమఝా?" అన్నాడు. బ్రాహ్మీ నాకు తెలుసు. మా హిందీ మాస్టారు సరస్వతి ఆకునే ఆ పేరుతో చూపించారు. రెండో మాటే తెలియలేదు. నీమ్ అంటే వేప. నీళ్ళలో వేప ఏమిటి? అడిగితే సేటు నవ్వుతాడనిపించింది. అర్థమైనట్టే "సమఝ్ గయా" అన్నాను. అక్క వైపు తిరిగి, "సరస్వతి ఆకు అడుగుతుండు" అని చెప్పాను.

మళ్ళీ సంత దాకా అక్కకు అదే పని. గట్లన్నీ తిరిగి ఆకు తెచ్చింది. ఎండలో వేస్తే సారం పోతుందని నీడన చాప మీద ఆరబెట్టింది. గాలికి ఎగిరిన ఆకుల వెంట నవ్వుతూ పరుగెత్తడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

సంత రోజున సేటు మూట విప్పి, ఒక ఆకు చిదిమి చూసి, మూటను కాలితో పక్కకు తోశాడు. అతను అడిగింది బురదలో పరుచుకునే చిన్నాకు మొక్కట. హిందీలో దాన్నీ బ్రాహ్మీ అంటారు, దీన్నీ బ్రాహ్మీ అంటారు. రెండూ వేరు. జల్‌నీమ్ అంటే అదే. "నీకు చెప్పాను కదరా" అని నా వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నన్నే చూశారు.

"నేను నీళ్ళల్లదే చెప్పిన. అక్కనే మరిచింది" అన్నాను.

పక్కన బెల్లం అమ్ముతున్న ముసలామె బుగ్గలు నొక్కుకుంది. "తల్లికున్నదే బిడ్డకూ మొదలైందేంది?" అంది. నలుగురూ నవ్వారు. అక్క మూట మళ్ళీ కట్టుకుంది.

ఇంటికి వచ్చే దారిలో ఆమె అడిగింది. "నువ్వు నీళ్ళల్లదనే చెప్పినవా తమ్మీ?"

అక్కడ మేమిద్దరమే ఉన్నాం. నవ్వేవాళ్ళు లేరు, బెత్తం లేదు.

"చెప్పిన" అన్నాను.

"గట్లనా" అంది.

ఆ తర్వాత అక్క సంతకు రాలేదు. ఆకు పసరుకని ఎప్పటిలా ఎవరైనా గుమ్మం ముందుకు వస్తే, "నాకు యాదుండది, వేరేటోళ్ళను అడుగుండ్రి" అని పంపించేది. ఒకటిచ్చేచోట మరొకటి ఇస్తానేమోనని భయం. కొన్నాళ్ళకు వాళ్ళు రావడమే మానేశారు. ఒక పొద్దున వాళ్ళ వాకిట్లోకి వెళితే, సరస్వతి ఆకు పచ్చడి రెండు ముద్దలు చేసి ఉంది. ఒకటి తల్లి నోట్లో పెట్టింది. రెండోది తను తింది. నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

చదువుకుని బచేలీ పట్నం వచ్చి, సైన్సు పాఠాలు చెప్పుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. సంతలో ఆకుకూరల వైపు ఇప్పటికీ పోను. ఈ మధ్య పిల్లలకు ఔషధ మొక్కల గురించి చెప్పాల్సి వచ్చింది. మన ఒంట్లో కణాలను కొన్ని పదార్థాలు తుప్పు పట్టించినట్టు పాడుచేస్తాయనీ, వాటిని అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్లు ఉసిరిలోనూ, ఈ రెండు రకాల బ్రాహ్మిలోనూ ఉన్నాయనీ, నరాల కణాలను కాపాడే గుణం కోసం వీటిని ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారనీ చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది. "సార్, మా నానమ్మ నన్ను గుర్తుపట్టడం లేదు. ఇది పెడితే గుర్తుపడుతుందా?"

ఎప్పటిలాగే తలూపబోయాను. ఆ పిల్ల ముఖం చూసి ఆగాను. "నాకు తెలియదమ్మా. డాక్టరుకు చూపించండి" అన్నాను. అంతే. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల "సరే సార్" అని కూర్చుంది.

ఆ ఆదివారమే ఊరికి వెళ్ళాను. అక్క ఒక్కతే ఉంది. తల్లి ఎప్పుడో పోయింది. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే పేరు పెట్టి పిలిచింది. నా చిన్నప్పుడు ఏ వాగులో చెప్పు కొట్టుకుపోయిందో, మా అమ్మ ఏ రంగు చీరతో సంతకు వచ్చేదో అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ చెయ్యి విదిలించి, "నా మాటలు నమ్మకు తమ్మీ. మా అమ్మ లెక్కనే నాకు వయసులోనే మతి పోయింది గద" అంది. ఇన్నేళ్ళూ ఆమె తన మనసునే అనుమానిస్తూ బతికింది. ఆ అనుమానం నేను పెట్టింది.

మంచం మీంచి దిగి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"అక్కా, నువ్వు మరువలే. నీళ్ళల్లదని నేను నీకు చెప్పనే లేదు. సేటు మాట నాకు తెల్వక, తెల్వదనడానికి సిగ్గయింది. దారిల నువ్వు అడిగినప్పుడు కూడ అబద్ధమే చెప్పిన. నీ మతి ఏనాడూ పోలే అక్కా. తప్పు నాది. మాఫ్ చెయ్యి."